పదేళ్ల పిల్లాడికి ‘ట్రెజర్ ఐలాండ్’ సినిమాల్లో ఏది చూపించాలి?

నన్నడిగితే అమెరికాలోని టీఎన్‌టీ చానెల్ కోసం తీసిన 1990 నాటి టీవీ సినిమానే చూపించండి. టీవీ సినిమా కదా, చుట్టేసి ఉంటారులే అనుకోకండి. ఒంటికాలి సముద్రపు దొంగ లాంగ్ జాన్ సిల్వర్‌గా వేసింది ‘టెన్ కమాండ్‌మెంట్స్’లో మోషే వేషం కట్టిన చార్ల్‌టన్ హెస్టన్, డైరెక్ట్ చేసింది ఆయన కొడుకు ఫ్రేజర్. నిధి వేటకి ఓడెక్కే జిమ్ కుర్రాడేమో క్రిస్టియన్ బేల్, తర్వాత బ్యాట్‌మన్‌గా వేసినవాడే. ఓడ కూడా నిజం ఓడ, మరో సినిమా కోసం 1960లో కట్టిన ‘బౌంటీ’. 2012లో శాండీ తుపానులో అది మునిగిపోయిందని, ఇద్దరు పోయారని చదివి ప్రాణం ఉసూరుమంది.

చాలామంది సిల్వర్‌ని భుజం మీద చిలక, పెద్ద గొంతుతో జోకర్‌ని చేసేశారు, అదే నాకు మంట. అసలు నవల్లో స్టీవెన్సన్ రాసిన సిల్వర్ తడిగుడ్డతో గొంతు కోసే రకం. హెస్టన్ అలాగే చేశాడు, నవ్వుతుంటేనే భయమేస్తుంది.

వేసవి సెలవులకి వచ్చిన మా అక్క కొడుక్కి ఇది పెట్టాను. యాపిల్ పీపా సీను వచ్చేదాకా సోఫాలో దొర్లుతూనే ఉన్నాడు. పండు కోసం దాదాపు ఖాళీ అయిన పీపాలోకి దిగిన జిమ్‌కి, ఆ పక్కనే సిల్వర్ గొంతు వినిపిస్తుంది. ఓడని ఎలా పట్టుకోవాలో, ఎవరిని ఎప్పుడు చంపాలో మాట్లాడుకుంటుంటారు. నవల్లో ఇక్కడ ఇంకో దెబ్బ ఉంది: తనని ఏ మాటలతో మెచ్చుకున్నాడో సరిగ్గా అవే మాటలతో సిల్వర్ ఇంకో కుర్రాడిని బుట్టలో వేస్తుంటే జిమ్ వింటాడు. చంపుతాడన్న భయం కంటే అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. మావాడు మోకాళ్లు దగ్గరికి లాక్కుని, “మామయ్యా, వీడు ఇందాక మంచోడే కదా?” అన్నాడు. నేనేం చెప్పలేదు. రాత్రి అన్నం దగ్గర కూడా వాళ్లమ్మతో అదే వాదన.

అందుకే “పిల్లల కోసం” అని చావులు, మోసాలు కోసేసి అమ్మే బక్కపల్చని పుస్తకాలంటే నాకు ఒళ్లు మండుతుంది. అసలు ఈ కథ పిల్లాడి కోసమే పుట్టింది. 1881లో స్కాట్లాండ్‌లో వానలకి బయటికెళ్లలేక, సవతి కొడుకుతో కాలక్షేపంగా గీసిన దీవి మ్యాప్ నుంచి స్టీవెన్సన్ దీన్ని అల్లాడు. ఆ పిల్లాడు తట్టుకున్నది మన పిల్లలు తట్టుకోలేరా?

మీవాడికి పదేళ్లంటున్నారు కాబట్టి నిక్షేపంగా చూపించండి. గుడ్డి దొంగ ప్యూ వేషంలో క్రిస్టఫర్ లీ వచ్చేటప్పుడు మాత్రం పక్కనే ఉండండి, పెద్దవాళ్లకే ఒళ్లు జలదరిస్తుంది. సబ్‌టైటిల్స్ ఉన్న కాపీ చూసుకోండి, ఆ నావికుల యాస మనకి ఓ పట్టాన అర్థం కాదు.