బూస్ట్ సెన్సర్‌ మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కారు ఎత్తు ఎక్కలేకపోతోందని, టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి తక్కువని చెప్పే పి0299 కోడ్ పడిందని, ఆ ఒత్తిడిని కొలిచే బూస్ట్ సెన్సర్‌ను నువ్వే సర్దుతానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ సెన్సర్‌లో తిప్పి సర్దే మర ఏదీ ఉండదు నాయనా. పరీక్షించవచ్చు, తుడవవచ్చు, పాడైతే మార్చవచ్చు. అంతే. ఇంజిన్ ఆపి ఉంచి కీ మాత్రం ఆన్ చేసి, కోడ్‌లు చదివే స్కానర్‌లో ఆ సెన్సర్ చూపే ఒత్తిడి చూడు. సముద్రమట్టం దగ్గర 100 కిలోపాస్కల్ అటూఇటుగా చూపాలి, ఎత్తైన చోట వెయ్యి మీటర్లకు దాదాపు 11 తగ్గుతుంది. కొన్ని స్కానర్లు బయటి గాలినే సున్నాగా లెక్కిస్తాయి, కంగారుపడకు. సెన్సర్ తీగల ప్లగ్‌లో 5 వోల్టులు వస్తున్నాయా, ఎర్త్ బాగుందా చూడు. మొనకు నూనె మసి పట్టి ఉంటే సెన్సర్ క్లీనర్ కొట్టి ఆరనివ్వు. సూది పెట్టి గీకావో, ఇక దాన్ని పారేయాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. నీ వయసులో నా కారుకూ ఇదే జబ్బు. ఒత్తిడి తక్కువని సెన్సర్ చెబుతుంటే అబద్ధమనుకున్నాను. కొత్తది కొన్నాను. అదీ అదే చెప్పింది. అప్పుడైనా నమ్మాలి కదా! నమ్మలేదు. టర్బో ఒత్తిడి హద్దు దాటకుండా చూసే వేస్ట్‌గేట్ కడ్డీ నట్టును ఒక చుట్టు బిగించాను. బండి కొంచెం లాగింది. ఇంకో చుట్టు. ఇంకోటి. నాలుగు రోజులు రాజాలా తిరిగాను.

అయిదో రోజు మీ అత్తయ్య పక్కన ఉంది, నిండు బరువుతో ఎత్తెక్కుతున్నాం. ముందు సన్నటి ఈల. తరువాత కీచుమన్న శబ్దం. అద్దంలో చూస్తే వెనక రోడ్డంతా నీలి పొగ. వెనక లారీ వస్తోంది, నా బండి కదలదు. మీ అత్తయ్య నా మోచెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తుంది.

మెకానిక్, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాన్ని విప్పి, నా ముందే విల్లులా వంచాడు. అడుగు వైపు, క్లిప్పు పక్కన, గోరంత చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుపోయింది. దాని చుట్టూ నూనె తడి నల్లగా మెరుస్తోంది. ఒత్తిడి పెరిగినప్పుడే గాలి అక్కడ కారిపోయేది. ఆ లోటు పూడ్చడానికి టర్బో తన శక్తికి మించి తిరిగి, షాఫ్టు విరిగింది. రెండు సెన్సర్లూ నిజమే చెప్పాయి.

అందుకే కీ ఆన్ చేసినప్పుడు అంకె సరిగ్గా ఉంటే సెన్సర్‌ను వదిలేసి గొట్టాలు పట్టుకో. ప్రతిదాన్నీ వంచి, అడుగున తడిమి చూడు. కంటికి ఏమీ దొరకకపోతే, గొట్టాల్లోకి పొగ పంపి కారే చోటు కనిపెట్టే పొగ పరీక్ష చేయించు. అంకెను మార్చి చూపించడానికి సెన్సర్ సిగ్నల్ తీగకు రెసిస్టరు కడితే చాలని ఎవరైనా చెబితే ఆ మనిషి మాట వినకు, నా మీద ఒట్టు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టు. టర్బో ఎంతసేపు కాలుతుందో నీకు తెలియదు. గొట్టాల క్లిప్పులు బిగించాక మొదటిసారి నడిపేటప్పుడు ఎత్తు రోడ్డు వద్దు, పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోవద్దు.

కీ ఆన్ చేయగానే ఎంత చూపిందో నాకు ఫోను చెయ్యి. ఆ అంకె వినేదాకా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య