కడప దగ్గర్లో సముద్రపు రాళ్లు, లావా రాళ్లు: ముందు గండికోట నడవండి

కడప నుంచి రెండు రోజుల సెలవులో, అలలు కోసిన అగ్నిపర్వత శిలల వెంట నడవాలంటే ఎక్కడికి పోవాలని అడిగారు. అచ్చంగా అదే కావాలంటే ఉడుపి దగ్గర మల్పె నుంచి పడవలో సెయింట్ మేరీస్ దీవికి పోవాలి. మడగాస్కర్ మన నేల నుంచి విడిపోయే కాలంలో, సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా అక్కడ స్తంభాలుగా గడ్డకట్టింది. వానాకాలంలో పడవలు తిరగవు. పైగా రెండు రోజులూ ప్రయాణానికే పోతాయి.

నా మాట వింటే గండికోటకు రండి. మాది జమ్మలమడుగు. చిన్నప్పటి నుంచి ఆ కోట పక్కనున్న లోయ చూస్తున్నా, జియాలజీ చదివిన మా మేనమామ ఒకసారి బండ మీద నా చెయ్యి పెట్టించి చూపించేదాకా అది సముద్రపు ఇసుక అని నాకు తెలియదు. ఎర్రబండల మీద వరుసగా సన్నటి గట్లుంటాయి. లోతు తక్కువున్న చోట నీళ్లు అటూ ఇటూ ఊగితే ఇసుక మీద పడే మడతలే అవి. వంద కోట్ల ఏళ్లకు పైబడినా చెరగలేదు. పొద్దున్నే ఏటవాలు ఎండలో చూడండి, నడినెత్తిన ఎండ ఉంటే ఆ గట్లు కంటికి ఆనవు. అలాంటి బండల మీద పెయింటుతో పేర్లు రాసేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది.

లోయను కోసింది మాత్రం సముద్రం కాదు, పెన్న. కోటలోని జుమ్మా మసీదు దాటి గుండ్ల మీదుగా పోతే అంచు వస్తుంది. గాలి బలంగా వీస్తుంది, అంచుకు మరీ దగ్గరగా పోవద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు. పట్టున్న బూట్లు, చాలినన్ని నీళ్లు ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో రావొద్దు, బండ కాలిపోతుంది.

అగ్నిపర్వతం సంగతి రెండో రోజుకు పెట్టుకోండి. పులివెందుల, వేంపల్లె వైపు సున్నపురాయి పొరల మధ్యకు సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట కరిగిన రాయి చొచ్చుకొచ్చి నల్లగా గడ్డకట్టింది. ఆ వేడికి పక్కరాయి మారి రాతినార (ఆస్బెస్టాస్) పుట్టింది. బ్రాహ్మణపల్లె దగ్గర దాన్ని తవ్వేవాళ్లు. నల్లరాయిని రోడ్డు పక్క నుంచే చూడండి. పాత గనుల దగ్గరి రాతిగుట్టలు ఎక్కొద్దు, ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం.