పొరుగింటి చీటీ, మెట్ల చీపురు: జర్మనీ కాపురాలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అధికభాగం జర్మనీలో కొత్తగా కాపురం పెట్టినవారివి, లేదా అక్కడికి ప్రయాణమవుతున్న పెద్దలవి. ఇరవై రెండేళ్ళుగా ఆ దేశంలోనే ఉంటున్నదాన్ని గనుక మొదటి ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. మిగిలిన పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: మావారు స్టుట్‌గార్ట్ దగ్గర ఇంజనీరుగా పనిచేస్తున్నారు. పెళ్ళయ్యాక అక్టోబరులో నేను ఇక్కడికి వచ్చాను. మాది ఆరు వాటాల ఇల్లు. ఎవరూ పలకరించరు. పోయిన వారం ఎదురువాటా పెద్దావిడ మా తలుపుకు ఒక చీటీ అంటించి వెళ్ళారు. ఫోన్‌లో అనువాదం చేసి చూస్తే, మా వంతు వచ్చినా మెట్లు ఊడవలేదనీ, ఆదివారం మిక్సీ వేశామనీ ఉంది. మేమంటే వీళ్ళకు గిట్టదేమో అనిపించి రోజంతా ఏడ్చాను. సాయంత్రమే చీకటి పడిపోతుంది. ఆయన వచ్చాక ఇంటికి ఫోన్ చేద్దామంటే అప్పటికి అమ్మ పడుకుంటుంది. వెనక్కి వచ్చేద్దామా అని కూడా ఆలోచిస్తున్నాను. (ఒక పాఠకురాలు, స్టుట్‌గార్ట్ సమీపం)

జవాబు: అమ్మా, చీటీ చిన్న విషయం, ఒంటరితనం పెద్ద విషయం. ఆ రెండూ మీ మనసులో కలిసిపోవడం వల్ల చీటీ ఉన్నదానికంటే చాలా పెద్దదిగా కనిపిస్తోంది. ముందు దాని సంగతి చూద్దాం.

మీరుంటున్నది ష్వాబియా ప్రాంతం. అక్కడి వాటాల ఇళ్ళలో ‘కేర్‌వోఖె’ అనే ఆచారం తరతరాలుగా ఉంది. కేరెన్ అంటే ఊడవడం, వోఖె అంటే వారం. ఎవరి వంతు వస్తే వారి తలుపుకు ఒక చిన్న పలక తగిలిస్తారు. ఆ వారం తమ అంతస్తు మెట్లు ఊడ్చి, తుడిచి, వారం చివర ఆ పలకను పక్కవాటా వారికి అందజేయాలి. ఇది చిన్న వంతు. పెద్ద వంతు వచ్చినప్పుడు ఇంటిముందరి కాలిబాట, నేలమాళిగ దారి కూడా చూసుకోవాలి. నేను మొదట దిగింది కూడా స్టుట్‌గార్ట్‌లోనే. తలుపుకు తగిలించిన పలకను ఏదో అలంకారం అనుకుని, ముచ్చటగా ఉందని ఫొటో తీసి మా చెల్లెలికి పంపాను. తరువాత నాకూ చీటీ వచ్చింది. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టే ఇళ్ళలో పుట్టిన మనకు ఆ పని బరువు కాదు. అయితే మీ అద్దె ఒప్పందంలోనో, దానికి జతచేసిన ఇంటి నియమాల కాగితంలోనో ఆ వంతు సంగతి రాసి ఉంటుంది. మావారు సంతకం పెట్టారులే అని వదిలేయకుండా ఆ కాగితం ఒకసారి చదివించుకోండి.

ఇక చీటీ రాసి అంటించడం మాట. మన దగ్గర కోపం వస్తే ముఖం మీదే అడుగుతాం, లేదా మూడో మనిషి చేత చెప్పిస్తాం. అందువల్ల చీటీ చూడగానే అవమానంగా తోస్తుంది. జర్మనీలో చాలామంది దానిని, ఎదురుపడి గొడవ పెట్టుకోకుండా, అవతలివారికి సర్దుకునే వ్యవధి ఇచ్చే పద్ధతిగానే చూస్తారు. అన్ని చీటీలూ సద్భావంతోనే వస్తాయని నేను చెప్పను. మన ఒంటి రంగు చూసి రాసిన చీటీ కూడా ఒకటి ఇన్నేళ్ళలో నాకు వచ్చింది. అందులో మేమెక్కడి వాళ్ళమో ఉంది గాని, మేమేం చేశామో లేదు. మీకు వచ్చినదాంట్లో మెట్లున్నాయి, మిక్సీ ఉంది. మీ ఊసు లేదు.

ఆదివారం విశ్రాంతి అక్కడ రాజ్యాంగం దాకా పోయిన విషయం. ఆదివారమూ పండుగలూ పనికి విరామ దినాలుగా చట్టరక్షణ పొందుతాయని 1919 నాటి వైమార్ రాజ్యాంగం 139వ అధికరణంలో రాసుకున్నారు. 1949లో వచ్చిన ప్రస్తుత రాజ్యాంగం ఆ అధికరణాన్ని అలాగే తనలో కలుపుకుంది. ఆదివారం దుకాణాలు మూసి ఉంచడం కూడా ఆ రక్షణలోంచి వచ్చిందే. ఖాళీ గాజు సీసాలను వీధిలోని తొట్టెలో పడేయడానికి కూడా ఆ రోజు వెళ్ళకూడదు. రెండు నిమిషాలు మిక్సీ తిరిగితే పోలీసులు రారు గాని, పలుచని గోడల అవతల ముసలావిడ నిద్ర చెడుతుంది. చలికి పిండి ఎలాగూ ఆలస్యంగా పులుస్తుంది గనుక, శనివారం పొద్దున్నే రుబ్బి హీటరు పక్కన పెట్టుకుంటే ఆదివారం ఇడ్లీకి ఇబ్బంది ఉండదు. మామూలు రోజుల్లో కూడా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఇంట్లో చప్పుళ్ళు పనికిరావు.

ఈ వారమే మెట్లు శుభ్రం చేసి, ఒక సాయంత్రం ఆవిడ తలుపు తట్టండి. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు గంటల మధ్య మాత్రం వెళ్ళకండి; చాలామంది పెద్దవాళ్ళు దానిని విశ్రాంతి వేళగా పాటిస్తారు. ‘ఎంట్‌షుల్డిగుంగ్, వియర్ జింట్ నోయ్ హియర్’ అనండి. క్షమించండి, మేమిక్కడ కొత్త అని అర్థం. నాలుగు కజ్జికాయలు చిన్న పళ్ళెంలో పెట్టి ఇవ్వండి, జీడిపప్పు వంటివి వేసి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. ఆవిడను ఆంటీ అనవద్దు. కాలింగ్ బెల్లు మీద ఉన్న ఇంటిపేరుకు ముందు ‘ఫ్రావ్’ చేర్చి పిలవండి. మన మీరు, నువ్వులలాగే వారికి ‘జీ’, ‘డు’ అని రెండున్నాయి. ‘డు’ అందామని పెద్దవారే ముందుగా అనాలి. అంతవరకు ‘జీ’నే వాడాలి. తెలుగు తెలిసినవారికి ఈ సూక్ష్మం ఎవరూ నేర్పనక్కరలేదు.

చీకటి గురించి నేను ఓదార్పు మాటలు చెప్పను. డిసెంబరులో స్టుట్‌గార్ట్‌లో పగలు ఎనిమిది గంటలకు కాస్త ఎక్కువ, అంతే. నాలుగున్నరకు సూర్యుడు వెళ్ళిపోతాడు. మీరు సరిగ్గా ఆ కాలంలోకి అడుగుపెట్టారు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, ఇప్పుడు ఫిబ్రవరిలో రోజుకు మూడు నిమిషాలకు పైగా పగలు పెరుగుతోంది కూడా. మధ్యాహ్నం పన్నెండుకు, ఆకాశం మబ్బుగా ఉన్నా సరే, అరగంట బయట నడవండి. విటమిన్ డి సంగతి మీ ఇంటి డాక్టరును అడగండి. అమ్మకు ఫోన్ సాయంత్రం కాకుండా ఉదయం పదింటికి చేయండి. చలికాలంలో నాలుగున్నర గంటల తేడా గనుక అప్పుడు అక్కడ రెండున్నర, భోజనమయ్యి అమ్మ తీరిగ్గా ఉండే వేళ. మార్చి చివరి ఆదివారం గడియారాలు మార్చాక తేడా మూడున్నర గంటలే.

అసలు విషయం భాష. ఈయూ బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉన్నవారి భార్యకు వీసా కోసం జర్మన్ పరీక్ష రాసే పని లేదు. అందరూ దీన్ని వెసులుబాటు అంటారు. నాకు మాత్రం మీలాంటి అమ్మాయిలను నోరు కట్టేసి విమానం ఎక్కించే ఏర్పాటులా కనిపిస్తుంది. 600 గంటల భాష, 100 గంటల దేశ పరిచయం కలిపి ప్రభుత్వం నడిపించే సమైక్య కోర్సు ఒకటుంది. భర్త వెంట వచ్చినవారికి అందులో ప్రవేశం ఎలాగో మీ ఊరి విదేశీయుల కార్యాలయంలో అడగండి. అది ఆలస్యమైతే ‘ఫోక్స్‌హోఖ్‌షూలె’ అనే వయోజన విద్యాలయంలో తక్కువ రుసుముతో సాయంకాలపు తరగతులుంటాయి. పైగా మీ నివాస కార్డు మీద ఉద్యోగానికి అనుమతి ఉందని రాసి ఉంటుంది, చూసుకోండి. ఎన్ని ఇళ్ళలో ఆ వాక్యం చదివేవారే లేరో నాకు తెలుసు.

స్నేహాలు అక్కడ వారం వారం ఒకే చోట, ఒకే వేళకు కనిపించడం వల్ల ఏర్పడతాయి. ఏడుగురు సభ్యులుంటే ఒక సంఘాన్ని రిజిస్టరు చేసుకోవచ్చు, అందుకే ప్రతి ఊరిలోనూ ‘ఫెరైన్’ పేరుతో పాటకు, వ్యాయామానికి, తోటపనికి లెక్కలేనన్ని సంఘాలున్నాయి. ఒకదానిలో చేరి ఆరు నెలలు మానకుండా వెళ్ళండి. మొదటి రెండు నెలలు ‘హలో’ తప్ప ఎవరూ ఏమీ అనరు. మూడో నెలలో ఒక వారం మీరు వెళ్ళకపోతే, ఎందుకు రాలేదని అడుగుతారు. వాట్సాప్‌లోని తెలుగువారి గుంపు పచ్చళ్ళకూ పండుగలకూ కావాలి, కాదనను. పొద్దున్నించి రాత్రిదాకా అందులోనే ఉండిపోతే మాత్రం మీరు స్టుట్‌గార్ట్‌లో ఉన్నట్టు కాదు. వెనక్కి వెళ్ళే నిర్ణయం ఆగస్టు దాకా వాయిదా వేయండి. ఒక వేసవి చూడకుండా తీసుకోవలసిన నిర్ణయం కాదది.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయికి మే నెలలో కాన్పు. తొలి పురుడు పుట్టింట్లో పోయాలని మా ఆనవాయితీ, తను మాత్రం రాలేనంటోంది. నేనే వెళ్ళి ఆరు నెలలు ఉండి రావాలనుకుంటున్నాను. నెయ్యి, పథ్యం పొడులు, సాంబ్రాణి తీసుకువెళ్ళవచ్చా? అల్లుడు రెండు నెలలు సెలవు పెడతానంటున్నాడు. బాలింతను మగవాళ్ళు చూసుకోవడం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: అమ్మగారూ, ఆరు నెలలు కుదరదు. షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి) సందర్శక వీసా మీద ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా కూడా చూపాలి. నా సలహా ఏమిటంటే, కాన్పుకు పది రోజుల ముందు మీరు వెళ్ళండి; మీరు తిరిగి వచ్చే వారంలో వియ్యపురాలు బయలుదేరేలా మాట్లాడుకోండి. ఇద్దరూ ఒకేసారి ఆ చిన్న ఇంట్లో ఉండడం కంటే ఇదే మేలని అనుభవం మీద చెబుతున్నాను.

నెయ్యి వద్దు. పాల పదార్థాలనూ మాంస పదార్థాలనూ బయటి దేశాల నుంచి ప్రయాణికులు తమ సామానులో ఐరోపా సమాఖ్యలోకి తీసుకురాకూడదు. కోవా మిఠాయిలకూ మాంసం పచ్చళ్ళకూ కూడా ఆ నిషేధం వర్తిస్తుంది. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. బాధపడకండి, అక్కడి దుకాణాల్లో 250 గ్రాముల వెన్న పొట్లాలు దొరుకుతాయి. నాలుగు కరిగించి తమలపాకు ముక్క లేకుండానే కాచినా మన ఇంటి నెయ్యికి ఏమాత్రం తీసిపోదు. శొంఠిపొడి, కారప్పొడి వంటివి గట్టిగా కట్టి, పేరు రాసి పెట్టుకోండి.

సాంబ్రాణి విషయంలో మాత్రం జాగ్రత్త. అక్కడ ఇళ్ళ పడకగదుల్లో పైకప్పుకు పొగను పసిగట్టే యంత్రం చట్టప్రకారం ఉండి తీరాలి. పసివాడికి ధూపం వేయబోతే అది ఇల్లంతా మారుమోగేలా అరుస్తుంది. పైగా ‘హెబామె’ అనే మంత్రసాని వస్తారు. కాన్పు తరువాత ఇంటికే వచ్చి తల్లినీ బిడ్డనూ చూసే చదువుకున్న మనిషి ఆవిడ. మొదటి పది రోజుల్లో రోజూ రావచ్చు, ఖర్చు ఆరోగ్య బీమాదే. పొగ వద్దంటారు, నూనె రుద్ది ముక్కూ తలా సాగదీయడం వద్దంటారు, చల్లగాలిలోకి బిడ్డను బండిలో తిప్పి రమ్మంటారు. మీ ఇద్దరి మధ్య నలిగిపోయేది మీ అమ్మాయే. ముక్కు సాగదీయడం, ధూపం మీరు వదులుకోండి. పథ్యం భోజనం, మీ చేతి వంట, రాత్రిపూట బిడ్డను ఎత్తుకుని తిరగడం మీవిగా ఉంచుకోండి. వాటికి ఏ హెబామె అడ్డు చెప్పగా నేను చూడలేదు.

అల్లుడుగారి సెలవు విషయంలో మీరు సంతోషించాలి. తల్లిదండ్రులిద్దరూ సెలవు పంచుకుంటే, బిడ్డ కోసం ప్రభుత్వమిచ్చే భృతి 12 నెలలకు బదులు 14 నెలలు వస్తుంది. ఆ అదనపు రెండు నెలల కోసం తండ్రులు సెలవు పెట్టడం అక్కడ మామూలే. మీరు తిరిగి వచ్చాక మీ అమ్మాయి పక్కన ఉండేది ఆయనే.

మరొక మాట. పుట్టుకను వారం లోపు నమోదు చేయాలి, ఆసుపత్రిలోనే పేరు అడుగుతారు. తొందరపడి ఏదో ఒక పేరు చెప్పనక్కరలేదు. పేరు తెలియజేయడానికి నెల రోజుల గడువుంటుంది. అంటే 21వ రోజు బారసాల చేసి, బియ్యంలో పేరు రాసి, ఆ తరువాతే కార్యాలయానికి చెప్పవచ్చు.

ప్రశ్న: బెర్లిన్‌లో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. మొదటి జీతంలో పన్ను కింద విపరీతంగా కోశారు. పన్ను సంఖ్య రాలేదని ఆఫీసులో అంటున్నారు. చిరునామా నమోదు చేయించుకుని ఆరు వారాలైంది. ఎవరిని అడగాలి? (ఒక పాఠకుడు, సొంతూరు కరీంనగర్)

జవాబు: బాబూ, పన్ను సంఖ్య పోస్టులో వస్తుంది గనుక ముందు కిందికి దిగి ఉత్తరాల పెట్టె చూడండి. దాని మీద మీ ఇంటిపేరు ఉందా? జర్మనీలో వాటాలకు తలుపు నంబర్లు మామూలుగా ఉండవు. పోస్ట్‌మన్ పేరు చూసే ఉత్తరం వేస్తాడు. అసలు అద్దెదారు పేరొక్కటే ఉంటే మీ ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి పోయి ఉంటుంది. కొత్తలో నా బ్యాంకు కార్డు రెండుసార్లు ఇలాగే వెళ్ళిపోయింది, మావారి ఇంటిపేరు ఒకటి, నా పాస్‌పోర్టులో ఉన్నది మరొకటి అయినందువల్ల. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే పేరు రాసి ఇవాళే అంటించండి. పన్ను సంఖ్యను మళ్ళీ పంపమని కేంద్ర పన్నుల కార్యాలయాన్ని కోరవచ్చు, అదీ పోస్టులోనే వస్తుంది. సంఖ్య లేనందువల్ల యజమాని మిమ్మల్ని అత్యధిక కోత ఉండే ఆరో పన్ను తరగతిలో లెక్క వేసి ఉండవచ్చు. అది అందాక ఎక్కువగా కోసిన మొత్తం తరువాతి జీతాల్లోనో, ఏడాది చివరి పన్ను లెక్కలోనో తిరిగి వస్తుంది.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్ళు. ఈ ఏడు హాంబర్గ్‌లో బడిలో చేరతాడు. కిండర్‌గార్టెన్‌కు వెళ్ళడం మొదలైనప్పటి నుంచి మేం తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తున్నాడు. మేం కూడా ఇంట్లో జర్మన్ మాట్లాడితే బడిలో ముందుంటాడని స్నేహితులు అంటున్నారు. (ఒక తండ్రి)

జవాబు: మీ జర్మన్ వాడి జర్మన్ కంటే బాగుంటే ఆ పని చేయండి. లేదంటే మీ తప్పులే వాడికి పాఠాలవుతాయి. జర్మన్ వాడికి బడి నేర్పుతుంది, ఆటస్థలం నేర్పుతుంది. తెలుగు నేర్పేవారు ఆ నగరంలో మీరిద్దరే. వాడు జర్మన్‌లో జవాబిచ్చినా మీరు తెలుగులోనే మాట కొనసాగించండి, తెలుగులో చెప్పు అని నిలదీయకండి. వారానికి రెండుసార్లు నానమ్మతో వీడియోలో మాట్లాడించి, మీరు గది బయటికి వెళ్ళిపోండి. ఆవిడకు జర్మన్ రాదని వాడికి తెలుసు. వాడు ఆవిడను ‘నువ్వు’ అంటే కోప్పడవద్దు, కిండర్‌గార్టెన్‌లో టీచర్లను కూడా ‘డు’ అనే అంటారు. బడిలో ‘జీ’ నేర్చుకునేటప్పుడు ‘మీరు’ కూడా పక్కనే చెప్పండి, సులువుగా పట్టుకుంటాడు.

బడిలో చేరే రోజున పిల్లలందరూ తమంత పొడుగున్న కాగితపు పొట్లం మోసుకుంటూ వస్తారు. దాన్ని ‘షూల్‌ట్యూటె’ అంటారు. మిఠాయిలు, రంగు పెన్సిళ్ళు నింపి ఇంటివాళ్ళే తయారుచేయాలి. బడివాళ్ళు ఇస్తారనుకుని ఖాళీ చేతులతో వెళ్ళిన మన తల్లిదండ్రులను ఇద్దరు ముగ్గురిని చూశాను, పిల్లల ముఖాలు చిన్నబోయాయి. వారం ముందే కొనిపెట్టుకోండి.