త్రియర్ సమాధి రాళ్లు చదవబోయే మేనకోడలికి

చి. అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. జర్మనీలో త్రియర్ మ్యూజియంలోని తొలి క్రైస్తవ సమాధి శాసనాల మీద పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి చోటే దొరికింది. ఆల్ప్స్ కొండలకు ఉత్తరాన ఆ కాలపు క్రైస్తవ శాసనాలు అన్ని దొరికిన ఊరు ఇంకోటి లేదు. నాలుగో శతాబ్దంలో రోమన్ చక్రవర్తులు కాపురమున్న ఊరు మరి.

పది రాళ్లు చూసేసరికి వరస నోటికొచ్చేస్తుంది: ఇక్కడ శాంతితో విశ్రమిస్తున్నాడు ఫలానా, ఇన్నేళ్లు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు బతికాడు, ఫలానావాళ్లు ఈ రాయి పెట్టించారు. చిక్కంతా ఇక్కడే. ఇక విరిగిన రాయి కనబడగానే కన్ను ఆగకముందే నోరు పూర్తి చేసేస్తుంది. రోమన్ అంకెల్లో ఎక్స్ అంటే పది కదా, రెండు ఎక్స్‌ల తర్వాత రాయి విరిగితే వయసు ఇరవై అని రాసుకోకు. ముప్ఫయ్యో, ఇరవై ఏడో కూడా కావచ్చు. "రెండు ఎక్స్‌లు, ఆపైన విరిగింది" అని మాత్రమే రాసుకో. ఈ శాసనాలను చేర్చి పరిశోధకురాలు నాన్సీ గోతియే 1975లో వేసిన సంకలనం నీ నకలు పూర్తయ్యాకే తెరువు. ముందే చూస్తే ఆవిడ కళ్లతోనే చదువుతావు. టార్చి ఎదురుగా కాదు, పక్కవాటుగా పట్టు. అరిగిన గీతలు నీడలో తేలతాయి.

వయసులు కూడి సగటు తీయాలనిపిస్తుంది. వద్దు. ఆ రోజుల్లో చాలామంది తమ వయసు అయిదులకూ పదులకూ సర్ది చెప్పేవారు. కొన్ని రాళ్ల మీదైతే "సుమారు" అని వాళ్లే చెక్కించారు. పైగా రాయి పెట్టించే స్తోమత ఉన్నవాళ్ల లెక్కే మనకు మిగిలింది. ఏడాది వేసినవి బహు తక్కువ కాబట్టి, ఫలానా శతాబ్దమని ఎవరైనా గట్టిగా అంటే ఆధారం అడుగు.

పలక వెనకవైపు, అంచులు కూడా చూడనిమ్మని అడుగు. పాత కట్టడాల పాలరాయి ఊడదీసి వాడినవి వాటిలో ఉన్నాయి.

సెయింట్ పౌలిన్ శ్మశానంలో దొరికిన ఉర్సినియానుస్ రాయి తప్పక చూడు. ఆయన చర్చిలో సబ్‌డీకన్, అంటే డీకన్ కింది మెట్టు సేవకుడు. పరిశుద్ధుల సమాధుల పక్కన చోటు దక్కినవాణ్ణి టార్టరస్ ఏమీ చేయలేదని రాయించారు. క్రైస్తవుడి రాతి మీద పాత దేవతల నరకం! తప్పని కొట్టేయకు. ఆనాటి పద్యాల చదువు అలాగే ఉండేది. రాయి పెట్టించింది భార్య లూదుల. పెట్టించినవాళ్ల పేర్లు, చుట్టరికాలు వేరే పట్టీలో రాసుకో. చాలామంది వాటిని అడుగున వదిలేస్తారు. నాకు మాత్రం ఆ ఊరి మనుషులు కనబడేది అక్కడే.

గ్రీకులో ఉన్నవి పక్కన పెట్టకు. సిరియా నుంచి అంత దూరం వచ్చి అక్కడే పోయినవాళ్లున్నారు. అజీజోస్ రాతి మీద ఆయన సొంతూరి పేరు కూడా ఉంది.

మొదటి పది నకళ్లు నాకు పంపు. ఖాళీలు ఖాళీలుగానే ఉంచి పంపు.

మీ మావయ్య