బత్తాయి గ్లేజ్ చేదెక్కకుండా ఎలా చేయాలి?

నల్లగొండలో చవకగా దొరికే బత్తాయితో చికెన్‌కు తీపి-పులుపు పూత వేయొచ్చా, మరిగిస్తే చేదెందుకు వస్తుందన్నది ప్రశ్న. నిక్షేపంగా వేయొచ్చు. చేదుకు కారణం లిమోనిన్ అనే పదార్థం. పిండిన రసంలో అది కాసేపటికి తయారవుతుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా. గింజలు, తొక్క కింది తెల్లపొర నలిగితే మరీ ఎక్కువ. అందుకే మిక్సీలో వేయొద్దు. అడ్డంగా కోసి చేత్తో మెల్లగా పిండి, వడకట్టి, వెంటనే వాడేయాలి.

అరకిలో చికెన్‌కు 60 గ్రాముల బెల్లం, రెండు చెంచాల చిక్కటి చింతపండు గుజ్జు, అర చెంచా కారం, చిటికెడు ఉప్పు, పావు కప్పు నీళ్లు వెడల్పాటి స్టీలు గిన్నెలో ముందు మరిగించండి. పాకం జిగురుపట్టాక 150 మి.లీ. బత్తాయి రసం పోసి పెద్ద మంట మీద సగమయ్యేదాకా మరిగించండి. రసం ఎంతసేపు ఉడికితే అంత చేదు, కాబట్టి దాన్ని చివర్లోనే పోయాలి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు లోహపు రుచి దిగుతుంది.

గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి. అప్పుడే దించేయండి, చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. మరీ గట్టిపడితే చెంచా వేడినీళ్లు చాలు.

ముక్క పూర్తిగా ఉడికాకే, చివరి ఐదు నిమిషాల్లో రెండు పూతలు వేయండి. ముందే పూస్తే బెల్లం మాడి, చేదు అటువైపు నుంచి వస్తుంది.