టెక్ సందేహాలు: గ్రూపులో వచ్చిన పెళ్లి పత్రిక తెరుచుకోలేదా?

నర్సంపేట నుంచి ఒకరు రాశారు: "మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెళ్లి పత్రిక వచ్చింది. నొక్కితే ఇన్‌స్టాల్ చేయమని అడిగింది, చేశాను. పత్రిక తెరుచుకోలేదు, అప్పటి నుంచి ఫోన్ ఒకటే వేడెక్కుతోంది. బ్యాటరీ మార్పించాలా సార్?"

బ్యాటరీ జోలికి పోకండి. ముందు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేసి, ఆ తర్వాత మిగతాది చదవండి. మాఘం ముహూర్తాలు మొదలైనప్పటి నుంచి నాకు ఇదే ప్రశ్న వస్తూనే ఉంది. ఫైల్ పేరే మారుతోంది: ఒకరికి పెళ్లి పత్రిక, ఇంకొకరికి రైతుల డబ్బుల జాబితా, మరొకరికి ట్రాఫిక్ చలాన్. పంపింది మాత్రం తెలిసినవాళ్లే. బావమరిది నంబర్ నుంచి వచ్చింది కదా అని ధైర్యంగా నొక్కుతున్నారు, కానీ బావమరిది ఫోన్‌లో అప్పటికే ఆ యాప్ దూరి, ఆయనకే తెలియకుండా ఉన్న గ్రూపులన్నిటికీ అదే ఫైల్ పంపుతోంది. నిజమైన పత్రిక ఫొటోగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది. ఫైల్ పేరు చివర చుక్క పెట్టి ఏపీకే (.apk) అని ఉంటే అది యాప్. ఏ పెళ్లివారూ పత్రిక చూడటానికి యాప్ వేసుకోమని అడగరు.

అది లోపలికి రాగానే అడిగేది ఎస్ఎంఎస్ అనుమతి. ఇచ్చారా, అక్కడి నుంచి మీ ఓటీపీలు మీకంటే ముందు వాళ్లు చదువుతారు.

పోయిన నెల హనుమకొండలో మా వీధి పెద్దాయన ఒకరు ఫోన్ పట్టుకొని వచ్చారు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు అకౌంట్లో పడి నాలుగు రోజులే అయింది. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా కిందికి జరుపుతూ పోతే ఒకచోట బొమ్మ లేదు, పేరు లేదు, ఉత్త ఖాళీ గడి. చూసుకోకపోతే దాటిపోతాం. దాని మీద నొక్కితే ఎస్ఎంఎస్, కాంటాక్ట్స్, కాల్స్ మూడు అనుమతులూ ఇచ్చి ఉన్నాయి. తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ పనిచేయలేదు, డివైస్ అడ్మిన్‌గా, అంటే ఫోన్ మీద పెత్తనం చేసే అనుమతితో కూర్చుంది. అక్కడ టిక్ తీసేశాకే కదిలింది. డబ్బు మాత్రం ఒక్క రూపాయి పోలేదు. ఎందుకంటే ఆ అకౌంట్‌కు ఇచ్చిన నంబర్ ఈ ఫోన్‌లో లేదు, పాత బటన్ ఫోన్‌లో ఉంది. ఆ బటన్ ఫోన్ తెరిచి చూస్తే ఒక్క రాత్రిలో పదకొండు ఓటీపీలు వచ్చి ఉన్నాయి. ఆయన వాటిని కంపెనీ మెసేజ్‌లనుకున్నారట.

అందుకే అడిగినవాళ్లందరికీ ఇదే చెప్తున్నాను. పంట డబ్బు, పెన్షన్, బిడ్డ పెళ్లికి దాచింది ఏ అకౌంట్లో ఉందో దాని నంబర్‌ను బటన్ ఫోన్‌లో పెట్టండి. స్మార్ట్‌ఫోన్‌లోని యూపీఐకి వేరే చిన్న అకౌంట్, వేరే నంబర్ పెట్టుకొని అందులో నెల ఖర్చుకు సరిపడా వేసుకుంటే చాలు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కరి చేతిలో ఉండదు. పొద్దున తాత యూట్యూబ్ చూస్తాడు, మధ్యాహ్నం మనవడు గేమ్ ఆడతాడు, ఎవరి వేలు దేని మీద పడుతుందో ఎవరికి తెలుసు?

నర్సంపేట అన్నా, మీరు వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, రేపు పొద్దున స్టేషన్‌కు పోదామని ఆగొద్దు. 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం, తప్పు మనదే అయినా సరే, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయిన డబ్బుకు బాధ్యత బ్యాంకుదే. కాబట్టి ఫిర్యాదు నంబర్, టైమ్ రాసిపెట్టుకోండి. మన కాల్స్‌ను వేరే నంబర్‌కు మళ్లించే కాల్ ఫార్వర్డింగ్‌లో తెలియని నంబర్ ఉంటే తీసేయండి. ఆ తర్వాత ఫొటోలు వేరేచోట దాచుకొని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే ఫోన్‌లో ఉన్నదంతా చెరిపి కొత్తదానిలా చేయడం.

జమ్మికుంట నుంచి ఒక అక్క అడిగారు: "అప్‌డేట్ చేస్తే ఫోన్ స్లో అవుతుందని షాపు తమ్ముడు అన్నాడు. రెండేళ్లుగా చేయలేదు. మంచిదేనా?"

మంచిది కాదక్కా. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ఫోన్ నెమ్మదించడం నిజమే, దానికి కొన్ని రోజులు ఆగినా నష్టం లేదు. సెక్యూరిటీ అప్‌డేట్ అట్లా కాదు, దొంగలు దూరే సందులు మూసేది అదే, అది వచ్చిన రోజే వేయాలి. అసలు నా కోపం ఫోన్లు చేసేవాళ్ల మీద. మందుల స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ ఉంటుంది, పాల ప్యాకెట్ మీద ఉంటుంది, పదివేల ఫోన్ డబ్బా మీద మాత్రం ఈ తేదీ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని ఎందుకు వేయరు?

ఇంకా పెద్ద బాధ ఏమిటంటే బయటి యాప్ వేసేటప్పుడు ఫోన్ చూపే హెచ్చరికలు. 2017లో ఆండ్రాయిడ్ 8 వచ్చాక బయటి ఫైల్ ఇన్‌స్టాల్ చేయడానికి ఒక్కో యాప్‌కు విడిగా అనుమతి అడుగుతున్నారు, మంచిదే. కానీ వాట్సాప్‌కు ఒక్కసారి ఆన్ చేస్తే, మనం ఆపేదాకా అది ఆన్‌లోనే పడి ఉంటుంది, రెండో దొంగ ఫైల్‌కు ఆ అడ్డు కూడా ఉండదు. అడిగే భాష చూస్తే సోర్స్ అంటారు, యాక్సెస్ అంటారు. మా అమ్మకు సోర్స్ అంటే ఏం తెలుస్తుంది? "ఈ యాప్ మీ మెసేజ్‌లన్నీ చదువుతుంది, బ్యాంకు ఓటీపీలు కూడా" అని మన తెలుగులో ఒక్క వాక్యం రాయండి, మా అమ్మ ఆ ఫోన్ అక్కడే పక్కన పెట్టి నన్ను పిలుస్తుంది. కోట్లమంది చేతిలో పెట్టే వస్తువుకు ఆ ఒక్క వాక్యం రాయించడానికి తీరిక లేదా? అందరూ ఈ రోజే సెట్టింగ్స్ తెరిచి, వెతికే చోట "అన్‌నోన్ యాప్స్" (unknown apps) అని కొట్టి, వాట్సాప్, బ్రౌజర్, ఫైల్ మేనేజర్ మూడింటికీ ఆ బటన్ ఆపేయండి.

కాజీపేట నుంచి స్టోరేజ్ ఫుల్ అంటున్న తమ్ముడూ, క్లీనర్ యాప్‌లు అసలే వేయకు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాకు పోయి మేనేజ్ స్టోరేజ్ తెరువు, ఏ గ్రూపు ఎంత తింటోందో వరుసగా కనిపిస్తుంది. అక్కడే ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోలు, డాక్యుమెంట్లు రెండింటి టిక్కులూ తీసెయ్. ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లలో కూడా తీసెయ్.