సమాధానం: విచారణ (పారిష్) పత్రికలో పోపుగారు అనని మాట

బ్రదర్, ఏఐ ఇచ్చిన ‘పోపుగారి మాట’ మీ చర్చి పత్రికలో అచ్చయ్యాక అది ఎక్కడా లేదని తేలిందన్నారు. ముందు ఫాదర్‌గారికి చెప్పి, వచ్చే సంచికలోనే సవరణ వేయండి. ఇకమీదట పోపు మాటైతే వాటికన్ వెబ్‌సైట్‌లో, వాక్యమైతే బైబిల్లో చూశాకే అచ్చుకివ్వండి. లేని వచనాన్నైనా అధ్యాయం సంఖ్యతో సహా నమ్మకంగా చెప్పేస్తుంది ఏఐ. 2023లో ఏఐతో చేసిన పోపు ఫ్రాన్సిస్ తెల్లకోటు బొమ్మను ఎంతమంది నిజమనుకున్నారో గుర్తుందిగా!

అచ్చుతప్పులు దిద్దడానికి, పొడవైన ప్రకటన కుదించడానికి ఏఐని వాడుకోండి, తప్పులేదు. ప్రార్థన కోరినవాళ్ల పేర్లు, జబ్బుల వివరాలు మాత్రం అందులో పెట్టకండి. నిజానికి నా పెద్ద భయం ఆ వివరాల గురించే. 2025 జనవరిలో వాటికన్ ఏఐ గురించి విడుదల చేసిన ‘ఆంటిక్వా ఎత్ నోవా’ అనే పత్రం కూడా ఏఐ వాడినా బాధ్యత మనిషిదే అంటుంది. అందుకే అచ్చుకు ముందు ప్రతి పేజీ చదివే మనిషిని ఒకరిని పెట్టుకోండి.